మునక వాచీ: పనిముట్టా, పాతకాలపు వేషమా?

సముద్రంలో రెండు వందల మీటర్ల లోతు వరకు చెమ్మ చేరనివ్వని ఉక్కు వాచీ ఇది. 2018లో మార్కెట్లోకి వచ్చినప్పుడు దీని ధర మూడు వేల అమెరికన్ డాలర్లకు పైగా ఉండేది. అంటే మన లెక్కలో రెండు లక్షల రూపాయల పైమాటే. కట్టుకునేవారిలో ఎంతమంది సముద్రం అడుగుకు దిగుతారు? మహా అయితే ఈత కొలనులో దిగుతారు, లేదా వానలో తడుస్తారు. అయినా ఇటువంటి వాచీలకు గిరాకీ తగ్గలేదు. పైగా అరవై ఏళ్ళనాటి వాచీలా కనిపించేట్టు తయారుచేస్తే ఆ గిరాకీ ఇంకా పెరిగింది. ఎందుకని? ఆ రూపంలో ఎంత భాగం పనికోసం ఉంది? ఎంత భాగం కేవలం చూపుకోసం ఉంది? స్విట్జర్లాండ్‌కు చెందిన ట్యూడర్ కంపెనీవారి 'బ్లాక్ బే ఫిఫ్టీ-ఎయిట్' అనే వాచీని ముందు పెట్టుకుని ఈ ప్రశ్నలకు సమాధానం వెతుకుదాం.

పేరు వెనుక చరిత్ర

రోలెక్స్ వాచీల స్థాపకుడు హాన్స్ విల్స్‌డార్ఫ్ కోసం 'ట్యూడర్' అనే పేరు 1926లో రిజిస్టరు అయింది. ఆ పేరుతో కంపెనీ 1946లో ఏర్పడింది. రోలెక్స్ కంటే తక్కువ ధరకు, అంతే నమ్మకమైన వాచీ ఇవ్వాలన్నది ఆయన ఉద్దేశం. నూరు మీటర్ల లోతును తట్టుకునే మొదటి ట్యూడర్ డైవింగ్ వాచీ 1954లో వచ్చింది. రెండు వందల మీటర్లను తట్టుకునే రకం 1958లో వచ్చింది. ఫ్రెంచి నౌకాదళం తన గజ ఈతగాళ్ళకు ఈ కంపెనీ వాచీలను ఏళ్ళ తరబడి ఇచ్చింది. అంటే అవి అలంకారానికి కాక, నీటి అడుగున ప్రాణం కాపాడుకోవడానికి వాడిన పనిముట్లు.

తరువాత కథ మారింది. 1969 డిసెంబరులో జపాన్‌లో సీకో కంపెనీ మొదటి క్వార్ట్జ్ చేతి వాచీని అమ్మకానికి పెట్టింది. స్ఫటికం కంపనాల మీద నడిచే ఈ వాచీలు చవకగా, ఇంకా కచ్చితంగా సమయం చూపడంతో స్విస్ పరిశ్రమ కుదేలయింది. మళ్ళీ నిలదొక్కుకున్నప్పుడు అది అమ్మిన సరుకు సమయం ఒక్కటే కాదు, జ్ఞాపకం కూడా. ట్యూడర్ 2012లో 'బ్లాక్ బే' వరుసను ప్రారంభించింది. 2018లో, 1958 నాటి వాచీని గుర్తుచేసే పేరుతో 39 మిల్లీమీటర్ల వ్యాసం గల ఈ వాచీని విడుదల చేసింది.

గజ ఈతగానికి వాచీ ఎందుకు?

నీటి అడుగున పీడనం పెరిగేకొద్దీ, మనం పీల్చే గాలిలోని నత్రజని రక్తంలోను, కణజాలంలోను ఎక్కువెక్కువగా కరుగుతుంది. ఈతగాడు ఒక్కసారిగా పైకి వస్తే, మూత తీసిన సోడా సీసాలో లాగా ఆ నత్రజని బుడగలు కడుతుంది. కీళ్ళనొప్పులు, పక్షవాతం, ఒక్కోసారి మరణం కూడా కలుగుతాయి. ఎంత లోతులో ఎంతసేపు ఉన్నవాడు ఎంత నెమ్మదిగా పైకి రావాలో లెక్కకట్టి బ్రిటిష్ శరీరధర్మ శాస్త్రజ్ఞుడు జె.ఎస్. హాల్డేన్ 1908లో పట్టికలు ప్రచురించాడు. ఆ పట్టికలు ఉపయోగపడాలంటే రెండు సంగతులు తెలియాలి. ఒకటి లోతు, రెండోది కాలం. రెండోదానికే వాచీ.

డయలు చుట్టూ తిరిగే వలయాన్ని 'బెజెల్' అంటారు. నీటిలోకి దిగేటప్పుడు దాని మీది సున్నా గుర్తును పెద్దముల్లుకు ఎదురుగా తిప్పి పెడతారు. ఆ తరువాత పెద్దముల్లు ఎదుట ఉన్న అంకె చూస్తే గడిచిన నిమిషాలు తెలుస్తాయి. ఈ వలయం ఒకే దిక్కుకు, అంటే ముళ్ళు తిరిగే దిశకు ఎదురుగా మాత్రమే తిరుగుతుంది. ఇందులో చక్కటి ఆలోచన ఉంది. నీటిలో తాడో, రాయో తగిలి వలయం పొరపాటున కదిలిందనుకుందాం. సున్నా వెనక్కు జరుగుతుంది కాబట్టి గడిచిన కాలం అసలు కంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఈతగాడు అయిదు నిమిషాలు ముందే పైకి వచ్చేస్తాడు. అటువైపు తిరిగే వీలుంటే గడిచిన కాలం తక్కువగా కనిపించి, అతను ఉండాల్సినదానికంటే ఎక్కువసేపు అడుగున ఉండిపోయేవాడు. తప్పు జరిగినా అది ప్రాణానికి ముప్పు లేని వైపే జరిగేట్టు యంత్రాన్ని రూపొందించడం ఇంజనీరింగులో గొప్ప సూత్రం. ఈ వాచీలో ఆ సూత్రం అలాగే ఉంది.

అయితే కాలం మారింది. 1983లో ఆర్కా ఎడ్జ్ అనే ఎలక్ట్రానిక్ పరికరం అమ్మకానికి వచ్చాక, లోతును, కాలాన్ని తానే కొలిచి, ఎంత నత్రజని కరిగిందో లెక్కకట్టే డైవ్ కంప్యూటర్లు వ్యాప్తిలోకి వచ్చాయి. ఇప్పుడు ఈతగాళ్ళు దాన్నే నమ్ముతారు. వాచీ ఒకవేళ కంప్యూటర్ మొరాయిస్తే పనికొచ్చే రెండో సాధనంగా మిగిలింది. దీన్ని చిన్నచూపు చూడనక్కరలేదు. బ్యాటరీ లేకుండా నడిచే రెండో సాధనం మంచిదే. కాని ఆ పనికోసం రెండు లక్షలు పెట్టాలా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. కాసియో కంపెనీవారి ఎండీవీ-106 అనే క్వార్ట్జ్ వాచీ కూడా రెండు వందల మీటర్లను తట్టుకుంటుంది. దాని ధర వంద డాలర్ల లోపే.

రెండు వందల మీటర్లు అంటే ఎంత?

ప్రతి పది మీటర్ల లోతుకు పీడనం సుమారు ఒక వాతావరణం పెరుగుతుంది. రెండు వందల మీటర్ల వద్ద నీటి పీడనం ఇరవై వాతావరణాలు. అంటే ప్రతి చదరపు సెంటీమీటరు మీద ఇరవై కిలోల బరువు అన్నమాట. వాచీ గాజు వ్యాసం మూడు సెంటీమీటర్లు అనుకుంటే దాని వైశాల్యం ఏడు చదరపు సెంటీమీటర్లు. దాని మీద పడే బలం సుమారు 140 కిలోలు. డెబ్బయి అయిదు కిలోల ధాన్యం బస్తాలు రెండు ఆ చిన్న అద్దం మీద పెట్టినంత! దాన్ని మోసేది కృత్రిమంగా తయారుచేసిన నీలమణి స్ఫటికం. లోపలికి నీరు రాకుండా ఆపేది ఉక్కు వీపు, మరలతో బిగించే కీ, వాటి కింది రబ్బరు వాషర్లు.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. 'ముప్పయి మీటర్లు' అని రాసిన వాచీతో ఈత కొట్టకూడదంటారు. దానికి కారణంగా, చెయ్యి వేగంగా ఆడిస్తే నీటి పీడనం విపరీతంగా పెరుగుతుందని చెబుతారు. లెక్క వేసి చూడండి. కదలిక వల్ల కలిగే పీడనం, సాంద్రతను వేగం వర్గంతో గుణించి సగం చేస్తే వస్తుంది. చెయ్యి సెకనుకు పది మీటర్ల వేగంతో కదిలినా అది 50,000 పాస్కళ్ళు. అంటే అర వాతావరణం, అయిదు మీటర్ల లోతుతో సమానం. అసలు ప్రమాదం వేరే చోట ఉంది. వాషర్లు ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడతాయి. సబ్బు, క్లోరిన్ వాటిని దెబ్బతీస్తాయి. ఎండలో కాలిన వాచీ చన్నీటిలో పడితే భాగాలు వేరు వేరుగా కుదించుకుంటాయి. అన్నిటికీ మించి, కీ బిగించడం మరచిపోతే ఏ అంకే కాపాడలేదు. డయలు మీది అంకె, కొత్త వాచీ ప్రయోగశాలలో కదలకుండా ఉన్నప్పటి సంగతి చెబుతుంది. అది జీవితకాలపు హామీ కాదు.

డైవింగ్ వాచీలకు ఐ.ఎస్.ఒ. 6425 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఆ ప్రమాణాన్ని పాటించే ప్రతి వాచీనీ విడివిడిగా, రాసిన లోతు కంటే పాతిక శాతం ఎక్కువ పీడనంలో పరీక్షించాలి. ఆ తరువాత వాచీని వేడి పలక మీద పెట్టి, గాజు మీద ఒక చన్నీటి చుక్క వేస్తారు. లోపల ఏమాత్రం తేమ ఉన్నా ఆ చుక్క కింద గాజు లోపలివైపు మంచు పట్టినట్లు మసకబారుతుంది. ఎంత చవకైన పరీక్షో, అంత నమ్మకమైన పరీక్ష!

ఇక లోతు సంగతి. వినోదానికి మునిగేవారికి శిక్షణ సంస్థలు విధించే హద్దు నలభై మీటర్లు. అంతకంటే ఎంతో లోతున పనిచేసేవారూ ఉన్నారు. విశాఖపట్నంలో హిందుస్థాన్ షిప్‌యార్డ్ నిర్మించగా 2025 జులైలో నౌకాదళంలో చేరిన ఐ.ఎన్.ఎస్. నిస్తార్ మూడు వందల మీటర్ల వరకు ఈతగాళ్ళను దింపగలదు. వారు రోజుల తరబడి హీలియం కలిసిన గాలిలో, పీడనం నిండిన గదిలో నివసిస్తారు. హీలియం పరమాణువులు అతి చిన్నవి కాబట్టి వాచీలోకి దూరతాయి. పీడనం తగ్గించినప్పుడు బయటకు రాలేక గాజును ఎగరగొట్టగలవు. అందుకని కొన్ని వాచీలకు హీలియం వదిలే కవాటం పెడతారు. మన వాచీకి అది లేదు. అది లోపం కాదు. వాడకానికి రాని కవాటాన్ని గొప్పకోసం పెట్టకపోవడం నిజాయితీ. దీనికి మార్కులు వెయ్యాల్సిందే.

తుప్పు పట్టని ఉక్కు

ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో హారీ బ్రియర్లీ 1913లో తుపాకి గొట్టాల కోసం ప్రయోగాలు చేస్తూ క్రోమియం కలిసిన ఉక్కు తుప్పు పట్టడం లేదని గమనించాడు. క్రోమియం గాలిలోని ప్రాణవాయువుతో కలిసి, కొన్ని నానోమీటర్ల మందం గల ఆక్సైడ్ పొరగా ఏర్పడుతుంది. గీత పడితే ఆ పొర తనంతట తానే మళ్ళీ కడుతుంది. మన వంటింటి స్టీలు గిన్నెల్లో సామాన్యంగా పద్దెనిమిది శాతం క్రోమియం, ఎనిమిది శాతం నికెల్ ఉంటాయి. కాని ఉప్పునీటిలోని క్లోరైడ్ అయాన్లు ఆ పొరకు సూది గుచ్చినట్లు చిల్లులు పెడతాయి. అందుకే డైవింగ్ వాచీలకు వాడే 316ఎల్ రకం ఉక్కులో రెండు నుంచి మూడు శాతం మాలిబ్డినం కలుపుతారు. చివరి 'ఎల్' అక్షరం కర్బనం తక్కువని చెబుతుంది. కర్బనం ఎక్కువైతే క్రోమియాన్ని తనవైపు లాక్కుని కార్బైడ్‌గా మారుస్తుంది. అప్పుడు కాపలా పొరకు క్రోమియం కరువవుతుంది.

అంత మంచి ఉక్కుకూ ఒక బలహీనత ఉంది. పట్టీ లింకుల మధ్య ఇరుకు సందుల్లో ఉప్పునీరు నిలిస్తే అక్కడ ప్రాణవాయువు అందదు. పొర మళ్ళీ కట్టలేదు. అందుకే సముద్రం నుంచి రాగానే మంచినీటితో కడగాలి. రెండు లక్షల వాచీకైనా, రెండు వేల వాచీకైనా ఇదే నియమం.

లోపలి యంత్రం

ఇది స్ప్రింగు మీద నడిచే వాచీ. చెయ్యి కదులుతుంటే తనంతట తానే చుట్టుకుంటుంది. ఒకసారి నిండుగా చుట్టుకుంటే డెబ్బయి గంటలు నడుస్తుంది. శుక్రవారం సాయంత్రం విప్పి పెడితే సోమవారం ఉదయానికీ ఆగదు. బ్యాలెన్స్ చక్రం గంటకు 28,800 సార్లు, అంటే సెకనుకు ఎనిమిదిసార్లు అటూ ఇటూ ఊగుతుంది. స్విట్జర్లాండ్‌లోని క్రోనోమీటర్ పరీక్షా సంస్థ దీన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చింది. ఆ పరీక్షలో యంత్రం సగటున రోజుకు నాలుగు సెకన్లు తగ్గకుండా, ఆరు సెకన్లు మించకుండా నడవాలి. రోజులో 86,400 సెకన్లు. ఆరు సెకన్ల తేడా అంటే పదివేలలో ఒక వంతు కూడా కాదు. పళ్ళచక్రాలతో సాధించిన ఈ నిక్కచ్చితనం ఆశ్చర్యకరమే. అయినా సెకనుకు 32,768 సార్లు కంపించే స్ఫటికం గల సామాన్య క్వార్ట్జ్ వాచీ నెలకు పదిహేను సెకన్లకు మించి తప్పదు. కచ్చితత్వమే కొలబద్ద అయితే ఈ పోటీ ఎప్పుడో ముగిసింది.

బ్యాలెన్స్ చక్రానికి ఊపిరివంటి సన్నని స్ప్రింగును సిలికాన్‌తో చేశారు. సిలికాన్ అయస్కాంతానికి లొంగదు. ఫోన్లు, స్పీకర్లు, సంచుల మూతల్లోని అయస్కాంతాల మధ్య బతికే మనకు ఇది పెద్ద మేలు. కాని మరో సంగతి చూడాలి. పాత లోహపు స్ప్రింగును వీధి చివరి వాచీ మెకానిక్ పట్టకారుతో వంచి సరిచేసేవాడు. బెంగుళూరులో 1961లో మొదలై, తరాల భారతీయుల చేతికి చేరిన హెచ్.ఎం.టి. వాచీలు, ఆ కంపెనీ వాచీల తయారీ ఆగిపోయాక కూడా నడుస్తున్నాయంటే అటువంటి చేతుల చలవే. సిలికాన్ వంగదు, విరుగుతుంది. కొత్త భాగం కంపెనీ నుంచే రావాలి. ముఖం తాతగారి వాచీదే. కాని తాతగారి మెకానిక్‌కు మాత్రం ఇందులో చోటు లేదు.

పాత ముఖం

ఇప్పుడు అసలు విమర్శకు వద్దాం. పాతదనాన్ని గుర్తుచేసే ఒక్కొక్క అంశాన్నీ విడదీసి, 'ఇది నాడు ఏ పని చేసింది? నేడు ఏం చేస్తోంది?' అని అడుగుదాం.

మొదటిది పట్టీ. 1950లలో పలుచని ఉక్కు రేకును మడిచి లింకులు చేసేవారు. వాటిని కలిపి ఉంచడానికి పక్కన రివెట్లు కొట్టేవారు. ఇప్పటి లింకులు గట్టి ఉక్కు దిమ్మలు. వాటికి రివెట్లు అక్కరలేదు. అయినా ఈ వాచీ పట్టీ పక్కన రివెట్ తలలు కనిపిస్తాయి. అవి దేన్నీ పట్టుకోవు. సిమెంటు స్తంభానికి చెక్క గీతల రంగు వేసినట్లుంది ఇది. ఈ వాచీలో మనం ఒప్పుకోలేని మొదటి అంశం ఇదే.

రెండోది కీ. 1958 నాటి వాచీలో లాగానే దీని పెద్ద కీకి రెండు పక్కలా కాపు లేదు. చూడటానికి సొంపుగానే ఉంటుంది. కాని దెబ్బ తగిలితే కీ వంగుతుందని గ్రహించి, అదే కంపెనీ 1959లోనే కీకి రెండు వైపులా ఉక్కు చెవులు పెట్టింది. అంటే ఒక ఏడాదిలో దిద్దుకున్న లోపాన్ని అరవై ఏళ్ళ తరువాత అందం పేరుతో తిరిగి తెచ్చారు. అనుభవం నేర్పిన పాఠాన్ని వెనక్కు తిప్పడం ఇది.

మూడోది ముళ్ళు. వాచీ పేరు 1958ని చెబుతుంది. చిన్నముల్లు చివర చతురస్రం మాత్రం 1969లో వచ్చింది. చరిత్ర తెలిసినవారికి ఇది కాలాల కలగలుపు. కాని పనిలో చూస్తే ఇది మంచి ఎంపిక. ఆ చతురస్రంలో వెలుగు పూత ఎక్కువ పడుతుంది. చీకటిలో ఏది చిన్నముల్లో, ఏది పెద్దముల్లో పొరబడే అవకాశం ఉండదు. ఇక్కడ చరిత్రను కాదని పనికి పెద్దపీట వేశారు. సంతోషించాలి.

నాలుగోది రంగు. పాత నల్ల డయళ్ళలో బంగారు రంగు అక్షరాలు అంటించినవి కావు. అక్షరాలున్న చోట నల్లపూత లేకుండా వదిలితే కింది ఇత్తడి పలక మెరిసేది. ఇక్కడ ఆ రంగును అనుకరించారు. ఇది అలంకారమే, అయినా ఎవరికీ హాని లేదు. బెజెల్ మీద సున్నా వద్ద ఉన్న ఎర్ర త్రికోణం సంగతి వేరు. నీరు కాంతిలోని ఎరుపును అన్నిటికంటే ముందు పీల్చుకుంటుంది. పది మీటర్లు దిగేసరికే ఎర్రని వస్తువు గోధుమ, బూడిద రంగుల్లోకి మారుతుంది. అంటే అన్నిటికంటే ముఖ్యమైన గుర్తుకు నీటిలో అన్నిటికంటే ముందు మాయమయ్యే రంగు వేశారు! ఆ త్రికోణం మధ్య వెలిగే చుక్క ఉండబట్టి పని నడుస్తుంది. ఎరుపు ఒడ్డున ఉన్నవారికి, చుక్క నీటిలో ఉన్నవారికి.

చీకట్లో వెలుగు

పాతదనం మీది మోజు మరచిపోయే అధ్యాయం ఒకటి ఉంది. ఒకప్పుడు డయళ్ళు రాత్రివేళ వెలగడానికి రేడియం పూసేవారు. అమెరికాలో మొదటి ప్రపంచ యుద్ధకాలంలోను, ఆ తరువాతా ఈ పూత పూసిన యువతులు కుంచె మొన సన్నబడటానికి పెదవులతో తడిపేవారు. ఎందరో దవడ ఎముకలు కుళ్ళి మరణించారు. రేడియం అర్ధజీవిత కాలం 1,600 సంవత్సరాలు. తరువాత ట్రీటియం వచ్చింది. దాని అర్ధజీవిత కాలం పన్నెండేళ్ళ పైచిలుకు. 1993లో జపాన్‌లోని నెమోటో సంస్థ రేడియోధార్మికత లేని స్ట్రాన్షియం అల్యూమినేట్ పదార్థాన్ని తెచ్చింది. వెలుతురును పీల్చి, చీకటిలో నెమ్మదిగా విడుదల చేయడమే దాని గుణం.

పాత పూతలు ఏళ్ళు గడిచేకొద్దీ పసుపు పచ్చగా మాగిపోయేవి. నేడు పాత శైలి వాచీల తయారీదారులు కొందరు కొత్త పూతకే ఆ మాగిన రంగు కలుపుతున్నారు. కాలం చేసిన పనిని కర్మాగారం చేస్తోంది. రేడియం కుంచె పట్టిన ఆ యువతుల సంగతి తెలిసినవారికి ఆ రంగు ఒట్టి అందంగా కనిపించదు. పాతకాలాన్ని గుర్తుచేసుకోవడం తప్పు కాదు. దాని మూల్యం మరచి గుర్తుచేసుకోవడమే తప్పు.

తీర్పు

లోహశాస్త్రం, యంత్ర నిర్మాణం, పీడన రక్షణ విషయాల్లో ఈ వాచీ మేలైనది. ఒకే దిక్కుకు తిరిగే వలయం, చీకట్లో తేడా తెలిసే ముళ్ళు, అయస్కాంతానికి లొంగని స్ప్రింగు, అక్కరలేని కవాటం లేకపోవడం మెచ్చుకోదగినవి. పని చేయని రివెట్లు, కాపు లేని కీ, నీటిలో మాసిపోయే ఎరుపు మెచ్చుకోదగినవి కావు. ఇవన్నీ ఒకే మూలం నుంచి వచ్చాయి. పాత పనిముట్టు ఎందుకు అందంగా ఉండేదో మరచి, దాని ఆకారాన్ని మాత్రమే తీసుకున్న చోటల్లా రూపకర్తలు తడబడ్డారు. ఎందుకు అలా ఉండేదో అడిగిన చోటల్లా నెగ్గారు.

ఇది కేవలం డబ్బున్నవారి గొడవ అని కొట్టిపారేయకండి. 'రెండు వందల మీటర్లు', 'సిలికాన్', 'క్రోనోమీటర్' వంటి శాస్త్రపదాలు నేడు ప్రకటనల్లో మంత్రాలుగా మారాయి. వాచీ ఒక్కటే కాదు, ఫోను, నీటి శుద్ధి యంత్రం, వంటనూనె, అన్నీ అంకెలు చూపే అమ్ముడవుతున్నాయి. ఆ అంకె ఎలా కొలిచారు, ఏ పరిస్థితిలో కొలిచారు, నాకు అది ఎంతవరకు అవసరం అని అడగగలిగినవారిని అంకె బెదిరించలేదు. మెచ్చి కొనుక్కునేవారు కొనుక్కోవచ్చు. అందమైన వస్తువు మీద ప్రేమ నేరం కాదు. అందానికి డబ్బు ఇస్తున్నానని తెలిసి ఇవ్వడం వేరు, లోతుకు ఇస్తున్నాననుకుని ఇవ్వడం వేరు.

మీ ఇంట్లో ఏ వాచీ ఉన్నా ఒకసారి తీసి చూడండి. దాని వీపు మీద లోతు అంకె ఉందా? గాజు వ్యాసం స్కేలుతో కొలవండి. ఆ లోతులో గాజు మీద ఎన్ని కిలోల బలం పడుతుందో లెక్క కట్టండి. తరువాత ఒక్కొక్క భాగాన్ని చూపిస్తూ, 'ఇది లేకపోతే ఏ పని ఆగుతుంది?' అని అడగండి. జవాబు దొరకని భాగాల పట్టిక రాయండి. ఆ పట్టికను స్నేహితుల పట్టికలతో పోల్చితే, ఏ వాచీ పనిముట్టో, ఏది వేషమో మీకే తెలుస్తుంది.